100 పర్సంటైల్ విద్యార్థికి సన్మానం: షీల్డు చెక్కించే ముందు చూసుకోవాల్సినవి

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ ఫలితాలు రాత్రి వచ్చాయంటే తెల్లారేసరికి కాలేజీ గేటుకు ఫ్లెక్సీ వేలాడుతుంటుంది. తప్పులు ఎక్కువగా ఆ నాలుగైదు గంటల తొందరలోనే దొర్లుతాయి. ఫ్లెక్సీ అయితే మర్నాడు మార్చుకోవచ్చు. షీల్డు మీద చెక్కింది మాత్రం ఆ ఇంట్లో గోడకు ఏళ్ల తరబడి ఉంటుంది.

ముందు స్కోర్‌కార్డు. వాట్సాప్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్ చూసి ప్రింటింగ్‌కు ఇవ్వొద్దు. విద్యార్థి చేతే ఈ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ (నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ) సైట్‌లో లాగిన్ చేయించి, పీడీఎఫ్ దింపించి చూడండి. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ స్కోర్లు విడివిడిగా, మొత్తం స్కోరు వేరుగా, ఏడు దశాంశ స్థానాల వరకు ఉంటాయి. ఇవి మార్కులు కావు, పర్సంటైల్స్: అదే షిఫ్టులో, అంటే అదే పూట పరీక్ష రాసినవారిలో నూటికి ఎంతమంది ఆ విద్యార్థితో సమానంగానో, తక్కువగానో తెచ్చుకున్నారో చెప్పే అంకెలు. మ్యాథ్స్‌లో 100 వచ్చి మొత్తంలో 99.9 దగ్గర ఆగినవాళ్లూ ఉంటారు. అలాంటివారికి ‘మ్యాథ్స్‌లో 100 పర్సంటైల్’ అని రాయడం న్యాయమే. ‘100’ను మూరెడు అంకెల్లో వేసి ‘మ్యాథ్స్‌లో’ అన్నదాన్ని చీమ తలకాయంత చేస్తేనే తంటా.

ఇక 100 పర్సంటైల్‌ను ‘నూటికి నూరు మార్కులు’ అని రాయకండి. పేపర్ 1 (బీఈ, బీటెక్ కోసం రాసేది) 300 మార్కులకు. ఏ షిఫ్టులోనైనా అందరికన్నా ఎక్కువ తెచ్చుకున్నవారి పర్సంటైల్ 100 అవుతుంది, మార్కులు 300కు తక్కువైనా సరే. పరీక్ష జనవరి, ఏప్రిల్‌లలో రెండు సెషన్లుగా జరుగుతుంది కాబట్టి జనవరి సెషన్‌లో 100 వచ్చినవారిని ‘ఆలిండియా ఫస్ట్ ర్యాంకర్’ అనడమూ తప్పే. రెండు సెషన్లూ అయ్యాక, మెరుగైన స్కోరును తీసుకుని అప్పుడు ర్యాంకులిస్తారు. కాబట్టి షీల్డు మీద ఇంతే ఉండాలి: ‘జేఈఈ మెయిన్, సంవత్సరం, సెషన్ 1, పేపర్ 1, మొత్తం ఎన్‌టీఏ స్కోరు 100’.

వైద్య ప్రవేశ పరీక్ష నీట్ లెక్క వేరు. అక్కడ 720 అంటే నిజంగా మార్కులే, 180 ప్రశ్నలకు నాలుగేసి. అయినా తొందర పనికిరాదని 2024 నేర్పింది. జూన్ 4న వచ్చిన ఫలితాల్లో 67 మందికి 720 ఉంది. గ్రేస్ మార్కులు తీసేసి, ఒక ఫిజిక్స్ ప్రశ్నకు రెండు జవాబులు కాదు ఒక్కటే సరైనదని తేల్చాక, జూలై 26 నాటి సవరించిన ఫలితాల్లో 17 మందే మిగిలారు. పిల్లల తప్పేమీ లేకుండానే మార్కులు తగ్గాయి. అందుకే ప్రశంసాపత్రంలో ‘ఫలానా తేదీన ప్రకటించిన ఫలితాల ప్రకారం’ అన్న ఒక్క ముక్క చేర్చండి. ఫలితాలు మారినా పత్రం అబద్ధం కాదు.

పేరు విషయంలో ఇంగ్లిష్ స్పెల్లింగ్ పదో తరగతి మెమో చూసి, తెలుగు మాత్రం విద్యార్థితోనే రాయించుకుని తీసుకోండి. ఇంగ్లిష్‌లో ఒకేలా కనిపించే ఇంటిపేరు తెలుగులో ‘కోట’నో ‘కోటా’నో చెక్కేవాడికి తెలియదు. ప్రూఫ్‌ను తల్లిదండ్రులకు పంపి, ‘సరే’ అన్నాకే చెక్కించాలి.

ఫొటో వాడుకోవడానికి రాతపూర్వక అనుమతి తీసుకోండి. 18 ఏళ్లు నిండకపోతే తల్లి లేదా తండ్రి సంతకం కావాలి. కోచింగ్ సెంటర్లయితే 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు చూసుకోవాలి: ప్రకటనలకు అనుమతి ఫలితం వచ్చాకే తీసుకోవాలి, అడ్మిషన్ రోజు పెట్టించుకున్న సంతకం పనికిరాదు. ప్రకటనలో ఫొటోతో పాటు ర్యాంకు, చదివిన కోర్సు పేరు, దాని కాలవ్యవధి, ఫీజు కట్టి చదివారా లేదా అన్నది కూడా వేయాలి. నాలుగు టెస్టులు రాసిన కుర్రాణ్ణి రెండేళ్లు తామే చదివించినట్టు చూపే అలవాటుకు ఇది కళ్లెం. స్కోర్‌కార్డును మాత్రం ఉన్నదున్నట్టు ఫ్లెక్సీకి ఎక్కించకండి. పుట్టినతేదీ, కేటగిరీ, అప్లికేషన్ నంబరు అన్నీ అందులోనే ఉంటాయి.

ఎప్పుడు చేయాలి? జనవరి సెషన్ ఫలితాలు వచ్చేసరికి ఇంటర్ పరీక్షలు దగ్గరపడతాయి. ఏప్రిల్ ఫలితాల తర్వాత ఐఐటీల కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ ఉంటుంది. ఈ మధ్యలో ఊరేగింపులు, ఇంటర్వ్యూలంటూ తిప్పితే రెండు మూడు రోజుల చదువు గాలికి పోతుంది. అప్పటికి కాలేజీ అసెంబ్లీలో ఐదు నిమిషాల చప్పట్లు చాలు. పెద్ద సభ అడ్వాన్స్‌డ్ రాసి వచ్చాక పెట్టుకోండి.

సభ రోజు మనిషికి రెండు నిమిషాలు వేసుకోండి: పేరు, స్కోరు చదవడం, శాలువా, షీల్డు, తల్లిదండ్రులతో ఒక ఫొటో. పన్నెండు మంది ఉంటే 24 నిమిషాలు. సన్మానం ముందు, ప్రసంగాలు తర్వాత. వరుస తిరగబడితే పిల్లలు రెండు గంటలు వేదిక మీద చెమటలు కక్కుతూ కూర్చుంటారు. షీల్డులను పిలిచే వరుసలోనే బల్ల మీద పేర్చి, ఒక్కోదాని వెనక చీటీ అంటించండి. ఒకటి అటూ ఇటూ అయిందా, అక్కణ్నుంచి అన్నీ ఒకరివి ఒకరికి వెళ్తాయి. నగదు బహుమతి ఉంటే థర్మాకోల్ చెక్కు ఫొటోకే. అసలు డబ్బు అదే రోజు ఖాతాలో పడేలా వివరాలు ముందే తీసుకోండి.

ప్రెస్ నోట్‌లో షీల్డు మీది వాక్యాన్నే యథాతథంగా ఇవ్వండి. విలేకరులకు కాలేజీ నంబరే ఇవ్వాలి, విద్యార్థి ఇంటి నంబరు కాదు.