అద్దె డీవీడీ తపాలాలో పోయినా, పగిలినా: సమస్య - పరిష్కారం

తపాలా ద్వారా సినిమా డీవీడీలను అద్దెకిచ్చే పద్ధతిని అమెరికా అంతటా వ్యాపింపజేసిన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరు 29న ఆ సేవను ముగించినా, సియాటిల్‌లోని స్కేర్‌క్రో వీడియో వంటి సంస్థలు ఇప్పటికీ డిస్కులను ఇళ్లకు పంపుతున్నాయి. కొన్ని పాత చిత్రాలకు మరో ప్రతి దొరకడమే కష్టం కనుక, తప్పు ఎక్కడ జరిగిందో తేల్చుకొని ఫిర్యాదు చేయడం మంచిది.

పంపినట్లు సమాచారం వచ్చినా కవరు చేరలేదు

చాలావరకు దీనికి కారణం ఆలస్యమే. అమెరికా తపాలా శాఖ ఉచితంగా అందించే ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీలో నమోదైతే, మీకు రానున్న ఉత్తరాల కవర్ల చిత్రాలు ముందుగానే కనిపిస్తాయి. అయితే యంత్రం మీద కాక చేతితో వేరుచేసిన కవరు అందులో కనిపించకపోవచ్చు. సంస్థ చెప్పిన గడువు దాటగానే తెలియజేయండి. అంతకుముందు ఖాతాలోని చిరునామాలో అపార్ట్‌మెంటు నంబరు ఉందో లేదో చూడండి. అది లేకపోతే, మారుగా పంపే డిస్కు కూడా దారి తప్పవచ్చు.

తిరిగి పంపిన డిస్కు అందలేదంటున్నారు

ఒకే కవరులో రెండు డిస్కులు పెట్టడం, ఒకదాని తొడుగులో మరొకటి ఉంచడం వంటి పొరపాట్ల వల్ల ఖాతాలో లెక్క తప్పుతుంది. తపాలాలో వేసిన తేదీని, స్థలాన్ని రాసిపెట్టుకొని ఫిర్యాదులో పేర్కొనండి. ఇంటి పెట్టెలో వదలడం కంటే పోస్టాఫీసులో ఇవ్వడమే క్షేమం.

డిస్కు పగిలి వచ్చింది

డీవీడీ మందం 1.2 మిల్లీమీటర్లే, ఉత్తరాలను వేరుచేసే యంత్రాల బెల్టుల మధ్య కవరు వంగినప్పుడు ఆ ఒత్తిడి డిస్కు మీద పడుతుంది. నెట్‌ఫ్లిక్స్ తిరుగు కవర్ల అంచులు మెత్తగా ఉండటం వల్ల వాటిలో దాదాపు 70 శాతాన్ని చేతితో వేరుచేయవలసి వస్తోందని అమెరికా తపాలా శాఖ తనిఖీ విభాగం 2007లోనే తెలిపింది. మధ్య రంధ్రం చుట్టూ సన్నని పగుళ్లున్నాయేమో వెలుతురులో చూడండి. పగులున్న డిస్కును ఎట్టి పరిస్థితిలోనూ ప్లేయరులో పెట్టకండి: వేగంగా తిరిగేటప్పుడు అది ముక్కలై యంత్రాన్ని పాడుచేయగలదు. కవరుతో సహా ఫొటో తీసి పంపండి. డిస్కును పారేయక, పగిలిందని రాసిన చీటీతో తిప్పి పంపండి.

పగులు లేదు, కానీ సినిమా మధ్యలో ఆగుతోంది

ఇక్కడ తొందరపడకూడదు. చలికాలంలో బయటి పెట్టె నుంచి తెచ్చిన డిస్కు మీద ఇంటి వెచ్చదనానికి తేమ పడుతుంది కనుక, అది గది వేడికి వచ్చేదాకా ఆగండి. తరువాత మెత్తని పొడిబట్టతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే పడే గీత సమాచారపు వరుస వెంబడే సాగి మరింత నష్టం చేస్తుంది. గీతలను అరగదీసే పేస్టులను మాత్రం అద్దె డిస్కు మీద వాడకండి. రెండు పొరల డీవీడీలో పొర మారేచోట క్షణకాలం ఆగడం లోపం కాదు. ఇంకా ఆగుతుంటే మరో ప్లేయరులో పరీక్షించి, ఎన్నో నిమిషంలో ఆగుతోందో, ఏయే యంత్రాల్లో చూశారో ఫిర్యాదులో రాయండి. ఆ వివరం లేకపోతే అక్కడివారు మొదటి నిమిషాలు మాత్రమే చూసి, బాగానే ఉందనుకొని, అదే డిస్కును మరొకరికి పంపే ప్రమాదం ఉంది.

డిస్కు అసలు మొదలే కాకపోతే ప్రాంత సంకేతాన్ని, అంటే అది ఏ దేశాల ప్లేయర్లలో నడుస్తుందో తెలిపే అంకెను, కూడా చూడాలి. భారతదేశం నుంచి తెచ్చుకున్న ప్లేయరు 5వ ప్రాంతానిదైతే, అమెరికాకు చెందిన 1వ ప్రాంతపు డిస్కును అది తిరస్కరిస్తుంది. అప్పుడు ఎన్నిసార్లు మార్చి పంపినా ఫలితం ఉండదు. అన్ని ప్రాంతాల డిస్కులను చదివే ప్లేయరు వాడవలసిందే.