రెండు సీసాల మూత తియ్యకముందే: ఫిషింగ్ రాడ్ కట్టేవారికి జాగ్రత్తలు

ఫిషింగ్ రాడ్‌ను సొంతంగా కట్టుకునే పనిలో చాలా తప్పులు దిద్దుకోవచ్చు. గైడ్లను, అంటే లైన్ వెళ్లే రింగులను, రాడ్‌కు బిగించే దారం చుట్టు వదులైతే విప్పి మళ్లీ చుట్టుకోవచ్చు. గైడ్ పక్కకు జరిగితే వేలితో నెట్టి వరసలోకి తెచ్చుకోవచ్చు. ఆ దారం మీద వేసే ఎపాక్సీ పూతకు (ఫినిష్‌కు) రెజిన్‌లో హార్డెనర్ కలిపిన నిమిషం నుంచి మాత్రం ఆ వెసులుబాటు ఉండదు. బ్రష్ ఎక్కడుందో, గ్లవ్స్ ఎక్కడ పెట్టామో వెతుక్కునేలోపే గిన్నెలోది చిక్కబడిపోతుంది. నేను చూసిన పాడైన రాడ్లలో ఎక్కువ భాగం పనితనం లేక పాడైనవి కావు. అన్నీ సిద్ధం చేసుకోకుండా ఆ రెండు సీసాలు తెరవడం వల్ల పాడైనవి. అందుకే ఇక్కడ రాసేది చాలావరకు మూత తియ్యకముందు సంగతే.

ముసురు రోజున ఫినిష్ పని వద్దు

ఎపాక్సీ ఆరుతుంది అంటాం గానీ, నిజానికి అది ఆరదు, గట్టిపడుతుంది. పెయింటులోంచి నీరో థిన్నరో ఎగిరిపోయినట్టు ఇందులోంచి ఏదీ ఎగిరిపోదు. రెజిన్, హార్డెనర్ రెండూ రసాయనికంగా కలిసిపోయి ఒకే పదార్థం అవుతాయి. కాబట్టి ఫ్యాను పెడితే పని త్వరగా అవుతుందనుకోవడం పొరపాటు. ఫ్యాను వల్ల వచ్చేది దుమ్మే. దీనికి కావలసింది వెచ్చదనం, పొడి గాలి. రాడ్ ఫినిష్‌లలో చాలావాటికి 21 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ బాగా సరిపోతుంది. ఉజ్జాయింపుగా చెప్పాలంటే, 10 డిగ్రీలు పెరిగితే గట్టిపడే సమయం సగమవుతుంది, 10 డిగ్రీలు తగ్గితే రెట్టింపవుతుంది. చలిలో ఇంకో చిక్కు కూడా ఉంది. ద్రవం చిక్కగా ఉండి, బుడగలు పైకి రాలేక లోపలే ఉండిపోతాయి.

చలికన్నా తేమ ఎక్కువ మోసం చేస్తుంది. హార్డెనర్‌లోని అమైన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పూత మీద జిడ్డు పొర కడతాయి. రాత్రి అద్దంలా మెరిసిన చుట్టు, తెల్లారేసరికి నూనె చేత్తో తడిమినట్టు మసకగా కనిపిస్తుంది. దీన్నే అమైన్ బ్లష్ అంటారు. దాని మీద రెండో కోటు వేస్తే సరిగా పట్టదు. సాండ్‌పేపర్‌తో తీసేద్దామనుకుంటే ఆ జిడ్డునే అంతటా పులిమినట్టవుతుంది. ముందు గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క సబ్బు, మెత్తని గుడ్డతో కడగాలి. తడి పూర్తిగా ఆరాకే సాండ్‌పేపర్.

గదిని వెచ్చగా ఉంచడానికి గ్యాస్ హీటరో కిరోసిన్ స్టవ్వో వెలిగించకండి. అవి మండేటప్పుడు వెలువడేవి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్. బ్లష్ రావడానికి కావలసిన రెండూ మనమే తెచ్చి గదిలో నింపినట్టు. ఎలక్ట్రిక్ హీటర్ అయితే ఆ బాధ లేదు. గాలిలో తేమ 60 శాతం దాటిందని మీటర్ చూపిస్తే నేను ఆ రోజు దారం చుట్టుకుంటూ కూర్చుంటాను గానీ ఫినిష్ జోలికి పోను.

చలికి రెజిన్ సీసాలో తెల్లగా, పంచదార పేరుకున్నట్టు కనిపిస్తే పారేయనక్కర్లేదు. మూత గట్టిగా బిగించి వేడి నీళ్లలో ఉంచితే మళ్లీ తేటపడుతుంది. అడుగున ఒక్క పలుకు కూడా మిగలకూడదు. సీసా బయటి తడిని శుభ్రంగా తుడిచి, మామూలు వెచ్చదనానికి వచ్చాకే మూత తియ్యండి.

చర్మం ఒకసారి ఎదురుతిరిగితే

ఈ భాగం దయచేసి దాటేయకండి. "ఏళ్ల తరబడి వట్టి చేతులతోనే చేస్తున్నాను, నాకేం కాలేదు" అనే మాట చాలామంది దగ్గర వింటుంటాం. ఎపాక్సీ అలర్జీ వచ్చే పద్ధతే అది. తగిలిన ప్రతిసారీ శరీరం దాన్ని గుర్తుపెట్టుకుంటూ పోయి, ఒక రోజు ఎదురుతిరుగుతుంది. వేళ్ల సందుల్లో దురద, మణికట్టు మీద ఎర్రని పొక్కులు, కొందరికి కనురెప్పల వాపు. ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఆ తర్వాత కొద్దిగా తగిలినా చాలు, మళ్లీ మొదలవుతుంది. ఎంతో ఇష్టపడి నేర్చుకున్న పని అలా వదులుకోవలసి వస్తే ఎంత బాధో ఆలోచించండి.

నైట్రైల్ గ్లవ్స్ వాడండి. లేటెక్స్ ఈ పనికి చాలదు. గ్లవ్ మీద రెజిన్ పడితే వెంటనే మార్చండి, ఆ చేత్తోనే ముఖం తుడుచుకోకండి. పొరపాటున చర్మానికి అంటితే సబ్బు, నీళ్లతో కడగండి. అసిటోన్‌తోనో స్పిరిట్‌తోనో తుడిస్తే రెజిన్ పలచబడి చర్మంలోకి ఇంకా బాగా దిగుతుంది. ఆ రెండూ బ్రష్‌లకే గానీ చేతులకు కాదు.

కార్క్ హ్యాండిల్‌కో, వెదురు రాడ్‌కో వేసే తేమతో గట్టిపడే పాలీయురేథేన్ పూతల సంగతి వేరు. వాటిలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల మీద పనిచేస్తాయి, ఆస్తమా కూడా తెస్తాయి. దుమ్ము మాస్కు ఆవిరిని ఆపదు. ఆ పూతలు వేసేవాళ్లకు బాగా గాలి ఆడే చోటు, డబ్బా మీద చెప్పిన రకం కాట్రిడ్జ్ మాస్కు తప్పనిసరి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే నీటితో కలిపే సీలర్ వెతుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం.

కోత, రాపిడి

కార్బన్ బ్లాంక్‌ను, అంటే రాడ్ అసలు గొట్టాన్ని, కొయ్యాల్సి వస్తే కోసేచోట టేపు బిగుతుగా చుట్టండి. డైమండ్ వీల్‌తోనో సన్నని ఆకురాయితోనో బ్లాంక్‌ను తిప్పుకుంటూ చుట్టూ గాటు పెడుతూ రావాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే గొట్టం నలిగి, చీలిక పైదాకా పాకుతుంది. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని, తడి చేసి కొయ్యండి. దుమ్మును ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. కార్బన్ దుమ్ములో కరెంటు పారుతుంది కాబట్టి కంప్యూటరు, చార్జర్ల దగ్గర ఈ పని పెట్టుకోకండి.

దారం కింద ఉండే గైడ్ కాళ్లను తప్పనిసరిగా చూసుకోవాలి. కొత్త గైడ్ కాలి కింద గోరు పెట్టి లాగి చూడండి. గీసుకుంటే అక్కడ ఇనుప మొన ఉన్నట్టే. రాడ్ వంగినప్పుడల్లా ఆ మొన బ్లాంక్‌ను గీరుతూ, చివరికి రాడ్ అక్కడే విరుగుతుంది. కాలి చివరను దారం సాఫీగా ఎక్కేలా పలచగా ఆకురాయి పట్టి, అడుగుభాగాన్ని సాండ్‌పేపర్‌తో నున్నగా చేయండి. లోపలి సిరామిక్ రింగులో దూదిపుల్ల తిప్పి చూడండి. దూది పోగు ఎక్కడైనా తగులుకుందంటే పగులు ఉంది. అది రేపు లైన్‌ను కోస్తుంది.

ఏ భాగానికి ఏ జిగురు

రీల్ సీట్‌కు, అంటే రీల్ బిగించే భాగానికి, నిదానంగా గట్టిపడే, రెండు భాగాలు కలుపుకునే ఎపాక్సీ పేస్టే వాడండి. అయిదు నిమిషాల ఎపాక్సీ మీద నాకు నమ్మకం లేదు. అది పెళుసుగా ఉంటుంది, నీటికీ ఎండకీ త్వరగా లొంగుతుంది. పైగా సీట్‌ను గైడ్ల వరసకు సరిచూసుకునే లోపే పట్టేస్తుంది. బ్లాంక్‌కూ సీట్‌కూ మధ్య ఖాళీని మాస్కింగ్ టేపు రింగులతో నింపేటప్పుడు సీట్ అంచుల దాకా టేపు రానివ్వకండి. రెండు చివర్లా, రింగుల మధ్యా కాస్త సందు వదిలితే అక్కడ జిగురు నేరుగా బ్లాంక్‌నే పట్టుకుంటుంది, నీరు టేపు దాకా చేరదు. టేపు నానిందంటే సీట్ తిరగడం మొదలైనట్టే.

పొంగే పాలీయురేథేన్ జిగురు హ్యాండిల్‌కు వాడితే, అది గట్టిపడేదాకా కట్టి ఉంచాలి. వదిలేస్తే పొంగుతూ కార్క్ ముక్కల్ని మెల్లగా జరిపేస్తుంది.

కొన గైడ్‌కు ఎపాక్సీ వద్దు. ఎప్పుడో ఒకరోజు దాన్ని మార్చాల్సి వస్తుంది కాబట్టి, వేడికి కరిగే జిగురు పుల్లే సరైనది. తీసేటప్పుడు గైడ్ లోహపు గొట్టాన్ని మాత్రమే వెచ్చబెట్టండి, బ్లాంక్‌కు మంట తగలకూడదు. బ్లాంక్ కూడా రెజిన్‌తో చేసినదే. ఎక్కువ వేడికి లోపలే బలహీనపడుతుంది, పైకి ఏమీ కనిపించదు.

కొలత, కలపడం

ఫినిష్ చాలావరకు సమపాళ్లలో కలిపేదే. ఆ సమానం ఘనపరిమాణంలో, బరువులో కాదు. రెజిన్ హార్డెనర్ కంటే బరువుగా ఉంటుంది కాబట్టి, డబ్బా మీద ప్రత్యేకంగా చెబితే తప్ప తూకం వేసి కలపకండి. సిరంజిలు మంచివి. ఒకటి రెజిన్‌కు, ఒకటి హార్డెనర్‌కు అని పేరు రాసి, ఎప్పటికీ మార్చకుండా వాడండి. రబ్బరు పిస్టన్‌కు సిలికాన్ పూసిన సిరంజి అయితే పూత మీద ఫిష్ ఐ అనే గుంటలు పడతాయి. చేతికి రాసుకున్న క్రీము వల్ల కూడా అంతే.

ఒక్క గైడే ఉంది కదా అని నాలుగు చుక్కలు కలపొద్దు. కొలత ఎంత చిన్నదైతే తేడా అంత పెద్దది. ఒక్కొక్కటి 3 మిల్లీలీటర్లకు తగ్గకుండా తీసుకోండి, మిగిలింది పోతే పోనివ్వండి. ఒకసారి నేను పిసినారితనానికి ఒక మిల్లీలీటరు చొప్పున కలిపితే, వారం తర్వాత కూడా ఆ చుట్టు మీద వేలిముద్ర పడుతూనే ఉంది. తర్వాత దాన్ని గీరి తీయడానికి పట్టిన సమయంలో ఇంకో రాడ్ కట్టుకోవచ్చు.

మైనం పూసిన కాగితం కప్పు వాడొద్దు. నునుపైన ప్లాస్టిక్ గిన్నెలో, గిన్నె అడుగూ పక్కలూ గీకుతూ మూడు నాలుగు నిమిషాలు నెమ్మదిగా కలపండి. గిలక్కొడితే నురగే. కలిపిన వెంటనే అల్యూమినియం ఫాయిల్ మీద పలచగా పోయండి. బుడగలు పైకొచ్చి పగులుతాయి, కుప్పగా ఉండి వేడెక్కదు కాబట్టి పని చేసుకోవడానికి ఎక్కువ సమయమూ దొరుకుతుంది. గిన్నె అడుగున మిగిలినదాన్ని గీకి తీసుకోవద్దు, సరిగా కలవనిది అక్కడే ఉంటుంది. ఎక్కువ మొత్తం కప్పులోనే వదిలేస్తే అది పొగలు కక్కేంత వేడెక్కగలదు. పూర్తిగా చల్లారాకే చెత్తబుట్టలో వేయండి.

దారం రంగు మారకూడదని కలర్ ప్రిజర్వర్ వేసినవాళ్లు అది పూర్తిగా ఆరాకే ఫినిష్ మొదలుపెట్టాలి. ఒక రోజంతా ఆగండి. లోపల తడి ఉంటే చుట్టు పాలలా మసకబారుతుంది.

పూతలోని బుడగలు పోగొట్టడానికి స్పిరిట్ దీపం వాడేవాళ్లు, దీపం వెలిగించే ముందు అసిటోన్ సీసాను గదిలోంచి బయటికి పంపండి. అసిటోన్ ఆవిరి సున్నాకు 20 డిగ్రీల కింద కూడా అంటుకోగలదు. పట్టపగలు స్పిరిట్ మంట కంటికి సరిగా కనిపించదు కూడా.

పూత వేశాక

పూత సమంగా ఉండాలంటే రాడ్ నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి. రాడ్‌ను తిప్పే మోటారును ముందే ఒక గంట ఖాళీగా తిప్పి చూసుకోండి. పూత మధ్యలో అది ఆగిపోతే టెన్షన్ పడకుండా, చేత్తోనే రెండు మూడు నిమిషాలకోసారి అరచుట్టు తిప్పుతూ ఉండండి. కిందికి జారిన చుక్క మళ్లీ వెనక్కి సర్దుకుంటుంది. జారడం ఆగేదాకా, అంటే వాతావరణాన్ని బట్టి కొన్ని గంటలు, ఓపిక పట్టాలి.

గట్టిపడిందా లేదా అని చుట్టును ముట్టుకోకండి. ఫాయిల్ మీద మిగిలినదాన్ని గోటితో నొక్కి చూడండి. అది లొంగుతున్నంతసేపూ రాడ్ జోలికి పోవద్దు. మర్నాటికి చేతికి అంటకపోయినా, పూర్తి బలం రావడానికి దాదాపు వారం పడుతుంది. ఈలోగా రాడ్‌ను ఎండలో నిలిపిన కారులో ఉంచొద్దు, రీల్ బిగించి బరువు వేలాడదీసి వంచి చూడొద్దు.

వారం తర్వాత నీటి దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ముందు తల పైకెత్తి చూడండి. కార్బన్ రాడ్‌లో కరెంటు బాగా పారుతుంది. పైన కరెంటు తీగలున్న చోట రాడ్‌ను నిలబెట్టకండి. ఉరుము వినిపించిందంటే రాడ్ కింద పెట్టేసి, ఏదైనా భవనంలోకో కారులోకో వెళ్లిపోండి.