ఇంటి మీడియా సర్వర్: ఎండాకాలాన్ని దృష్టిలో పెట్టుకొని అమర్చుకునే పద్ధతి

పెళ్లి వీడియోల డీవీడీలు, ఫోన్లలో పేరుకుపోయిన ఫొటోలు, కొని దాచుకున్న సినిమాలు, పాటలు అన్నీ ఒకే చోట ఉంచి, ఇంట్లోని టీవీలోనూ ఫోన్లలోనూ చూసుకునే వీలు కల్పించే చిన్న కంప్యూటరే మీడియా సర్వర్. దీన్ని అమర్చడం ఒక సాయంత్రంలో అయిపోయే పని. రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే ఆ యంత్రాన్ని మే నెలలో ఏసీ లేని గదిలో క్షేమంగా నడపడానికే ఎక్కువ ఆలోచన కావాలి, ఆ ఆలోచన పరికరాలు కొనక ముందే మొదలుకావాలి. గది వేడిని మనం తగ్గించలేకపోవచ్చు. ఆ వేడికి పైన యంత్రం ఇంకెన్ని డిగ్రీలు చేరుస్తుందనేది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంటుంది.

కాబట్టి తక్కువ కరెంటు వాడే యంత్రాన్నే ఎంచుకోవాలి, ఎందుకంటే అది వాడుకునే ప్రతి వాట్టూ చివరికి ఆ గదిలో వేడిగానే తేలుతుంది. ఆఫీసులు వాడి అమ్మేసే మినీ పీసీలు, అంటే డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ వంటివి, ఇంటెల్ 8వ తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్‌తో దొరికితే ఈ పనికి చక్కగా సరిపోతాయి. కొత్తది కొనేవారు ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న చిన్న పెట్టెను చూడవచ్చు. దాని టీడీపీ, అంటే ఆ చిప్ వదిలే వేడికి తయారీదారు ఇచ్చే లెక్క, 6 వాట్లే. డిస్కుతో సహా మొత్తం సగటున 20 వాట్లు వాడుకుంటే నెలకు 14 యూనిట్ల పైచిలుకు ఖర్చవుతుంది. మూలన పడి ఉన్న పాత గేమింగ్ కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చాలని చాలామందికి అనిపిస్తుంది కానీ, అందులోని గ్రాఫిక్స్ కార్డు ఏ పనీ చేయనప్పుడు కూడా కరెంటు తింటూనే ఉంటుంది గనుక ఆ ఆలోచన మానుకోవడమే మేలు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు చిన్న ఎస్‌ఎస్‌డీ, వీడియోలకు హార్డ్ డిస్కు, 8 జీబీ ర్యామ్ ఉంటే చాలు.

సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, ఐకాన్లు, విండోలు చూపే డెస్క్‌టాప్ లేకుండా డెబియన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, దాని మీద ఉచితంగా దొరికే మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్ జెల్లీఫిన్‌ను స్థాపించుకోవడం తేలిక. హార్డ్ డిస్కును, బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు కలపాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ (fstab) ఫైలులో దాని యూయూఐడీతో, అంటే ఆ డిస్కుకే చెందిన గుర్తింపు సంఖ్యతో, నమోదు చేసి, పక్కన నోఫెయిల్ (nofail) అని చేర్చితే ఏ రోజైనా డిస్కు కేబుల్ ఊడిపోయినా యంత్రం బూట్ కాకుండా ఆగిపోదు. రౌటర్‌లో సర్వర్‌కు మారని ఐపీ చిరునామా కేటాయించి, వైఫై బదులు ల్యాన్ తీగతో కలపాలి. తరువాత ఫోన్ బ్రౌజర్‌లో ఆ చిరునామా, దాని చివర :8096 అని పోర్టు సంఖ్య కొడితే జెల్లీఫిన్ పేజీ తెరుచుకుంటుంది. సినిమాకు ఒక ఫోల్డర్ చొప్పున పెట్టి, పేరు పక్కనే విడుదల సంవత్సరం రాస్తే పోస్టర్లు, వివరాలు పొరపాటు లేకుండా వస్తాయి. తెలుగు సినిమాలకు ఇది మరీ అవసరం, ఒకే పేరుతో రెండు మూడు సినిమాలుండటం మనకు మామూలే.

వేడి అసలు పుట్టేది ట్రాన్స్‌కోడింగ్ దగ్గర, అంటే వీడియోను ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చేటప్పుడు. ఫైలును టీవీ ఉన్నదున్నట్టుగా ఆడించగలిగితే సర్వర్ దాన్ని చదివి పంపిస్తుంది, అంతే. టీవీకి అర్థంకాని కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) అయితే మాత్రం ప్రతి ఫ్రేమునూ విప్పి మళ్లీ కుదించాలి, అప్పుడు ప్రాసెసర్ పూర్తి సామర్థ్యంతో నడిచి ఫ్యాన్ హోరెత్తుతుంది. జెల్లీఫిన్ సెట్టింగ్స్‌లో ఇంటెల్ క్విక్ సింక్‌ను ఆన్ చేసి, జెల్లీఫిన్ యూజర్‌ను, గ్రాఫిక్స్ భాగాన్ని వాడుకునే అనుమతి ఉన్న రెండర్ (render) గ్రూపులో చేర్చితే ఈ పని చిప్‌లోని ప్రత్యేక భాగానికి వెళ్లి వేడి చాలా తగ్గుతుంది. 10 బిట్ హెచ్‌ఈవీసీ కోడెక్ వీడియోలను కూడా ఇంటెల్ 7వ తరం నుంచి ఆ భాగమే చూసుకుంటుంది. చిప్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే మాత్రం అందులో ఈ సదుపాయం ఉండదు. సబ్‌టైటిళ్లు బొమ్మల రూపంలో ఉంటే వాటిని వీడియోలో కలపడానికి కూడా ట్రాన్స్‌కోడింగ్ జరుగుతుంది గనుక అక్షరాల రూపంలో ఉండే ఎస్‌ఆర్‌టీ ఫైళ్లే వాడాలి. పాత పెళ్లి డీవీడీల్లో ఉండేది ఎంపెగ్-2 వీడియో. చూసిన ప్రతిసారీ సర్వర్‌ను కష్టపెట్టకుండా హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక్కసారి హెచ్.264 కోడెక్‌లోకి మార్చి ఉంచుకుంటే సరిపోతుంది. ఆ మార్చే పనిని, జెల్లీఫిన్‌లోని చాప్టర్ బొమ్మల తయారీ వంటి షెడ్యూల్డ్ టాస్కులను తెల్లవారుజామున 4 గంటలకు పెట్టుకోవాలి, గది అన్నిటికన్నా చల్లగా ఉండేది ఆ వేళకే.

ఇక చోటు. తలుపులున్న టీవీ యూనిట్ గూట్లో సెట్‌టాప్ బాక్సు, రౌటర్, సర్వర్, డిస్కు ఒకదాని మీద ఒకటి పేర్చడం మన ఇళ్లలో కనిపించే అలవాటు, పరికరాల ఆయుష్షును తగ్గించేదీ అదే. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల బయట 45 డిగ్రీలకు చేరిన మధ్యాహ్నం లోపలి గది 38 ఉందనుకుందాం. మూసిన గూట్లో గాలి మరో 7 డిగ్రీలు, తిరుగుతున్న డిస్కు దాని మీద ఇంకో 10 డిగ్రీలు పెరిగితే డిస్కు 55కు చేరినట్టే. తయారీదారులు చాలా డిస్కులకు ఇచ్చే పరిమితి 60 డిగ్రీల దగ్గర ఉంటుంది. దానికి అంత దగ్గరగా నెలల తరబడి నడపడం మంచిది కాదు, 45 దాటకుండా చూడటం లక్ష్యంగా పెట్టుకోవాలి, నడివేసవిలో 50 వరకు సహించవచ్చు. ప్రాసెసర్ విషయంలో ఇంత బెంగ అక్కర్లేదు. అది 100 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఆ తెలివి డిస్కుకు లేదు.

అటక మీద పెట్టడం అంతకన్నా చెడ్డది, పగలంతా ఎండ తాగిన డాబా స్లాబు రాత్రి దాకా వేడిని వదులుతూనే ఉంటుంది. ఎయిర్ కూలర్ గాలి నేరుగా తగిలే చోటూ పనికిరాదు. ఆ గాలి చల్లగానే ఉన్నా, దానితో వచ్చే తేమ, నీటి తుంపర్లు బోర్డు మీద చేరి హాని చేస్తాయి. గదిలో మోకాలెత్తున, గోడకు జానెడు దూరంలో తెరిచి ఉన్న అర అన్నిటికన్నా మేలు.

గూడు తప్పదంటే అడుగున ముందువైపు ఒక రంధ్రం, పైన వెనకవైపు ఒక రంధ్రం చేయించి, పై రంధ్రం దగ్గర 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌ను గాలి బయటికి లాగేలా బిగించాలి. లోపల మొత్తం 40 వాట్ల పరికరాలుండి, గూట్లో గాలి గదికన్నా 5 డిగ్రీలకు మించి వేడెక్కకూడదనుకుంటే సెకనుకు సుమారు 7 లీటర్ల గాలి కదిలితే సరిపోతుంది. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ కూడా అంత గాలి లాగగలదు కాబట్టి చప్పుడు చేసే పెద్ద ఫ్యాన్ల మీద డబ్బు పెట్టనక్కర్లేదు. గాలి లోపలికి వచ్చే దారిలో డిస్కును, ఆ తరువాత కంప్యూటర్‌ను ఉంచాలి. రంధ్రాలకు సన్నని జాలీ కొడితే బల్లులు దూరవు, కాకపోతే నెలకోసారి ఆ జాలీ మీది దుమ్ము దులపాలి. పాత మినీ పీసీ కొన్నప్పుడు హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు ముక్క) విప్పి, ఆ రెంటి మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్ట్ మార్చడం తప్పనిసరి. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

చేసినదంతా పనిచేసిందా లేదా అన్నది కొలిస్తేనే తెలుస్తుంది. సెన్సర్స్ (sensors) కమాండ్ ప్రాసెసర్ వేడిని, స్మార్ట్‌సీటీఎల్ (smartctl) కమాండ్ డిస్కు వేడిని చూపిస్తాయి. ఎండ మధ్యాహ్నం గంటసేపు సినిమా ఆడించి గూటి తలుపు మూసి ఒకసారి, తెరిచి మరోసారి చూడాలి. రెంటికీ తేడా 5 డిగ్రీలు దాటిందంటే లోపం గూటిదే. డిస్కును గమనిస్తూ ఉండే స్మార్ట్‌డీ (smartd) సర్వీసులో డిస్కుకు ఒక హెచ్చరిక హద్దు పెట్టుకుంటే అది దాటగానే ఈమెయిల్ వస్తుంది. 55 దాటితే యంత్రాన్ని ఆపేసే చిన్న స్క్రిప్టును కూడా, నిర్ణీత వేళలకు పనులు నడిపే క్రాన్ (cron)‌లో పెట్టుకోవడం మంచిది.

కరెంటు పోయినప్పుడు గదిలో ఫ్యాను ఆగి, ఇన్వర్టర్ మీద సర్వర్ మాత్రమే తిరిగే ఏర్పాటు ఉంటే దాన్ని మార్చుకోవాలి. ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో ఉంచితే కరెంటు మారే క్షణంలో యంత్రం రీస్టార్ట్ కాకుండా ఉంటుంది. వేసవి సెలవులకు కిటికీలన్నీ మూసి ఊరెళ్లేటప్పుడు మాత్రం సర్వర్‌ను సాఫ్ట్‌వేర్ ద్వారా షట్‌డౌన్ చేసి, ప్లగ్ దగ్గర స్విచ్ కూడా ఆపేయాలి.