గిట్‌లోకి జారిపోయిన రహస్య కీ: ముందు చేయవలసినది, తర్వాత చేయవలసినది

తిరుపతి రైల్వే స్టేషను పరిసరాల్లోని లాడ్జీలకు గదుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ రాసే ఒక చిన్న జట్టులో పని చేస్తున్న రోజుల్లో, ఒక శుక్రవారం సాయంత్రం నేను మెయిళ్లు పంపే సేవ తాలూకు ఏపీఐ కీని (ఆ సేవను వాడుకోవడానికి మన ప్రోగ్రాముకు ఇచ్చే రహస్య సంకేతం) సెట్టింగుల ఫైలులోనే ఉంచి, అందరికీ కనిపించే గిట్‌హబ్ రిపోకు (కోడును దాచే ఆన్‌లైన్ భాండారం) పుష్ చేశాను, అంటే పంపేశాను. పది నిమిషాలకే పొరపాటు గమనించి, ఆ వరుసను చెరిపి, ‘చిన్న సవరణ’ అన్న పేరుతో మరో కమిట్ (మార్పు నమోదు) చేసి, ఎవరికీ చెప్పకుండా చిత్తూరు బస్సెక్కాను. సోమవారానికి మా ఖాతా నుంచి వేలకొద్దీ మోసపు మెయిళ్లు వెళ్లి ఉన్నాయి, సేవ వాళ్లు ఖాతాను నిలిపివేశారు. బుకింగ్ ధ్రువీకరణ అందని యాత్రికులు సంచులు పట్టుకుని లాడ్జీ కౌంటరు ముందు నిలబడ్డారు.

నేను చేసిన మొదటి తప్పు కీని పుష్ చేయడం కాదు, చెరిపితే పోతుందనుకోవడం. కోడు మార్పుల చరిత్రను నిలిపి ఉంచే గిట్ ప్రతి కమిట్‌నూ ఆనాటి స్థితితో సహా దాచి ఉంచుతుంది కాబట్టి, తాజా ఫైలులో కనిపించని వరుస పాత కమిట్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది. పైగా చెరిపిన కమిట్‌ను తెరిస్తే, ఆ కీ ఎర్రటి వరుసలో, ముందు మైనస్ గుర్తుతో, వేలు పెట్టి చూపినట్లు కనిపిస్తుంది. బహిరంగ రిపోల్లో కీల కోసం నిరంతరం గాలించే ప్రోగ్రాములకు ఆ పది నిమిషాలు చాలా ఎక్కువ.

కాబట్టి మొదట చేయవలసినది కీని జారీ చేసిన సేవలోకి వెళ్లి దానిని రద్దు చేయడం. మా చిత్తూరు వైపు తాళాన్ని బీగం అంటాం. బీగం చెవి బజారులో పారేసుకున్నవాడు ముందు బీగం మారుస్తాడు గానీ, చెవి ఎక్కడ పడిందోనని వెతుకుతూ కూర్చోడు. కీ బయటపడింది బహిరంగ రిపోలో అయితే, కొత్త కీని సర్వరులో పెట్టేదాకా ఆగకుండా వెంటనే పాతదానిని ఆపండి. సేవ పావుగంట ఆగినా పరవాలేదని నా అభిప్రాయం. జట్టుకు మాత్రమే కనిపించే రిపో అయితే, కొత్తది పెట్టి, పని చేస్తున్నదని చూసుకుని, పాతది తీసేయవచ్చు. సర్వర్లను అద్దెకిచ్చే అమెజాన్ వెబ్ సర్వీసెస్‌లో ఒక్కో వినియోగదారుకు రెండు కీలు ఉండవచ్చు కాబట్టి ఈ మార్పిడి సులువు. లాగిన్ టోకెన్లపై (లాగిన్ అయినవారికి సర్వరు ఇచ్చే గుర్తింపు చీటీలు) సంతకం చేసే కీ అయితే, దానిని మార్చగానే అందరూ లాగౌట్ అవుతారు. అప్పుడు వచ్చే ఫిర్యాదుల ఫోన్లకు సిద్ధపడి మార్చవలసిందే.

కీ రద్దయిన నిమిషంలోనే జట్టు పెద్దకు చెప్పండి. ఏ కీ, ఎన్ని గంటలకు పుష్ అయింది, ఎన్ని గంటలకు రద్దయింది అన్నవి కాగితం మీదైనా రాసి పెట్టండి.

ఆ తర్వాత అసలైన పని లాగులు, అంటే ఎవరు ఏమి చేశారో సేవ నమోదు చేసిన చిట్టాలు చదవడం, దీనికే ఎక్కువ సమయం ఇవ్వాలి. పుష్ అయిన క్షణం నుంచి రద్దయిన క్షణం వరకు ఆ కీతో ఎవరు, ఏ ఐపీ చిరునామా నుంచి, ఏమి చేశారో చూడాలి. అమెజాన్‌లో క్లౌడ్‌ట్రెయిల్ అనే చిట్టా సేవ గత 90 రోజుల ఘటనలను చూపుతుంది; అయితే మీరు వాడే ముంబై, హైదరాబాద్ రీజియన్లను (అమెజాన్ సర్వర్లు ఉండే ప్రాంతాలు) మాత్రమే చూసి ఊరుకోకండి, ఎందుకంటే చొరబడినవారు మీరు ఎన్నడూ తెరవని రీజియన్‌లో యంత్రాలు నడుపుతూ ఉండవచ్చు. కొత్త వినియోగదారులు గానీ కొత్త కీలు గానీ పుట్టాయేమో కూడా చూడండి. అలాంటిది ఉంటే పాత కీని రద్దు చేసినా దొడ్డిదారి తెరిచే ఉన్నట్లు. ప్రైవేటు రిపో కదా అన్న ధీమా కూడా పనికిరాదు: 2016లో ఊబర్ ఇంజనీర్ల ప్రైవేటు గిట్‌హబ్ రిపోలోకి చొరబడినవారికి అక్కడ దొరికిన అమెజాన్ కీతోనే 5.7 కోట్ల మంది సమాచారం చిక్కింది.

వినియోగదారుల సమాచారం బయటికి పోయిందనో, అనధికార ప్రవేశం జరిగిందనో తేలితే, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, గుర్తించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. లాగులను 180 రోజులు భద్రపరచాలన్నది కూడా ఆ ఆదేశాల్లోనిదే. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు చేస్తే ఈ గడువు కుదరదు. రాసి పెట్టిన కాగితం ఇక్కడే అక్కరకు వస్తుంది.

చాలామంది మొదట పరుగెత్తేది గిట్ చరిత్రను తిరగరాయడానికి. గిట్ ఫిల్టర్-రిపో అనే పనిముట్టుతో అది సాధ్యమే గానీ, ఆ తర్వాత ఫోర్స్ పుష్ చేయాలి (పాత చరిత్ర మీద కొత్తదాన్ని బలవంతంగా రుద్దడం), జట్టులో అందరూ రిపోను కొత్తగా క్లోన్ చేసుకోవాలి (తమ యంత్రంలోకి దింపుకోవాలి), ఎవరి ఫోర్కులోనో (వేరే ఖాతాలోని రిపో నకలు) పాత కమిట్ అలాగే మిగిలిపోతుంది. రద్దయిన కీ చచ్చిన పాము. దాని కోసం ఇంత శ్రమ సాధారణంగా అనవసరం. యాత్రికుల ఆధార్ ప్రతుల వంటి, రద్దు చేయడానికి వీలులేని సమాచారం రిపోలోకి చేరినప్పుడు మాత్రం ఇది తప్పదు, గిట్‌హబ్ సహాయ విభాగానికి రాసి వాళ్ల వద్ద నిలిచిన పాత ప్రతులనూ తీయించాలి.

ఇక మళ్లీ జరగకుండా చూసుకోవడం. కీలను కోడులో కాక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో (ప్రోగ్రాము నడిచేటప్పుడు బయటి నుంచి అందే విలువలు) ఉంచి, వాటి ఫైలును గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) చేర్చండి. అయితే గిట్ అప్పటికే ట్రాక్ చేస్తున్న ఫైలును గిట్‌ఇగ్నోర్ ఆపదు, దానిని విడిగా ట్రాకింగ్ నుంచి తప్పించాలి. కొండకు వెళ్లేవారి సామానును అలిపిరి దగ్గరే తనిఖీ చేసినట్లు, కమిట్‌కు ముందే గిట్‌లీక్స్ అనే, రహస్య కీలను పసిగట్టే పనిముట్టు నడిచేలా ప్రతి యంత్రంలోనూ ప్రీ-కమిట్ హుక్ (కమిట్‌కు ముందు తనంతట నడిచే చిన్న ప్రోగ్రాము) పెట్టండి. హడావుడిలో ఉన్నవారు హుక్‌ను దాటవేయగలరు కాబట్టి, అదే తనిఖీని సర్వరు వైపు బిల్డులోనూ (కోడు అందగానే దానిని సిద్ధం చేసే దశ) పెట్టాలి. హుక్ పెట్టాక, ఇప్పుడే రద్దు చేసిన పాత కీని ఒక ప్రయోగపు రిపోలో కమిట్ చేసి చూడండి. ఆపకపోతే, ఆ కీ నమూనాకు తగిన నియమాన్ని గిట్‌లీక్స్ సెట్టింగుల్లో రాసి, ఆపేదాకా మళ్లీ ప్రయత్నించండి.