20 ఎంఎం లెన్స్ కొనాలా, 24 ఎంఎం కొనాలా? ఒక్కరోజులో తేల్చుకునే పద్ధతి

సోనీ ఫుల్‌ఫ్రేమ్ (36×24 ఎంఎం సెన్సర్) కెమెరా బాడీ ఉండి, ఒక్క వైడ్ ప్రైమ్‌కే (జూమ్ లేని, ఎక్కువ వెడల్పు పట్టే లెన్సుకే) డబ్బులుంటే చూపు రెండు లెన్సుల మీదకు పోతుంది: 2018లో వచ్చిన 24 ఎంఎం ఎఫ్ 1.4 జీఎం, 2020లో వచ్చిన 20 ఎంఎం ఎఫ్ 1.8 జీ. జీఎం, జీ అనేవి సోనీ లెన్స్ శ్రేణుల పేర్లు. ఎంఎం తగ్గితే ఫ్రేమ్‌లో ఎక్కువ వెడల్పు పడుతుంది, ఎఫ్ అంకె తగ్గితే లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది. మొదటిది 445 గ్రాములు, రెండోది 373. రెండింటి ఫిల్టర్ సైజూ 67 ఎంఎం కాబట్టి ఉన్న ఫిల్టర్లు దేనికైనా పడతాయి. అమెరికాలో విడుదలైనప్పుడు ధరలు దాదాపు 1,400, 900 డాలర్లు. రెండూ మంచి లెన్సులే. ఫ్రేమ్ మధ్యలో షార్ప్‌నెస్ చూసి తేల్చుకుందామంటే తెమలదు. తేడాలు అంచుల్లో ఉంటాయి, పరీక్ష కూడా అక్కడే పెట్టాలి.

ఒకరోజుకి రెండూ అద్దెకు తెచ్చుకోండి. కెమెరా ట్రైపాడ్ మీద, స్టెడీషాట్ (కుదుపు తగ్గించే ఏర్పాటు) ఆఫ్, టైమర్ 2 సెకన్లు, ఐఎస్ఓ 100, రా (ముడి) ఫైల్. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు. ఫొటోలు సరిచేసే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో లెన్స్ ప్రొఫైల్ (లెన్స్ వంకర్లు, మూలల చీకటి సరిచేసే సెట్టింగ్) పెడితే రెండింటికీ పెట్టండి, తీస్తే రెండింటికీ తీయండి.

గోడకు న్యూస్‌పేపర్ అంటించి తీయడం వైడ్ లెన్సులకు పనికిరాదు. మీటరు దూరం నుంచే 24 ఎంఎం మీటరున్నర వెడల్పు పడుతుంది, 20 ఎంఎం 1.8 మీటర్లు. పేపరు మూలల దాకా రాదు, కెమెరా కాస్త పక్కకు తిరిగినా ఒక వైపు మసకబారుతుంది. కనీసం 50 మీటర్ల అవతల కిటికీలు, గ్రిల్స్ ఉన్న అపార్ట్‌మెంట్ ఏదైనా చూసుకోండి. ఎండాకాలమైతే పొద్దున్నే తీయాలి. నేల వేడెక్కాక గాలి అలలు అలలుగా ఊగుతుంది, దూరపు గీతలు కరిగిపోతాయి, ఆ నింద లెన్స్ మీద పడుతుంది.

అందరూ చేసే తప్పు, 20 ఎంఎం పెట్టాక 24 ఫ్రేమ్‌లా కనిపించేదాకా ముందుకు నడవడం. దూరం మారితే పర్‌స్పెక్టివ్ (దగ్గరివీ దూరపువీ ఒకదాని పక్కన ఒకటి ఎంత పెద్దగా కనిపిస్తాయన్నది) మారుతుంది, ఇక పోల్చేందుకేమీ మిగలదు. ట్రైపాడ్ కదపకుండా తీసి, తర్వాత 20 ఫొటోని 24 ఫ్రేమ్‌కి క్రాప్ చేయండి. పొడవూ వెడల్పూ 1.2 రెట్లు తగ్గుతాయి కాబట్టి 24 మెగాపిక్సెల్ ఫైల్లో దాదాపు 17 మిగులుతుంది, 33లో 23. ఆ ఫైలు మీ ప్రింట్లకు చాలుతుందంటే 20 కొంటే రెండు లెన్సుల పని జరుగుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. ఒక కిటికీ గ్రిల్ ఎంచుకుని, కెమెరా తిప్పుతూ అదే గ్రిల్‌ని నాలుగు మూలల్లోకీ తీసుకురండి. ప్రతిసారీ ఆ మూలలోనే మ్యాగ్నిఫై చేసి మాన్యువల్‌గా ఫోకస్ పట్టి, ఫుల్ ఓపెన్‌లో (లెన్స్ అతి తక్కువ ఎఫ్ అంకెతో) మూడేసి ఫొటోలు తీయండి. నాలుగూ ఒకేలా ఉంటే సరే. మూడు బాగుండి ఒకటి మాత్రం ఎంత ఫోకస్ చేసినా తేటపడకపోతే, లోపల గాజు పక్కకు జరిగిన పీస్ అది. మధ్యలో ఫోకస్ పట్టినప్పుడు మూలలు మసకగా ఉండి, మూలలోనే పడితే తేటపడితే అది వేరే సంగతి: ఫోకస్ తలం (తేటగా కనిపించే పొర) వంగి ఉందన్నమాట. ఎఫ్ 5.6, ఎఫ్ 8కి వచ్చేసరికి చాలావరకు సర్దుకుంటుంది. ఈ రెండింటినీ కలిపేసి మంచి లెన్సుని తిరిగిచ్చేసేవాళ్ళు ఎక్కువ.

పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు ఇంకొకటి చూడాలి. ఒక ఫుట్‌బాల్‌ని ఫ్రేమ్ మధ్యలో పెట్టి ఒకటి, కుడి అంచుకి జరిపి ఒకటి తీయండి. అంచు దగ్గర అది కోడిగుడ్డులా సాగుతుంది. సరిగ్గా అంచులో 24తో ఎత్తు కన్నా వెడల్పు 25 శాతం ఎక్కువ, 20తో 34 శాతం. ఇది లెన్స్ లోపం కాదు. గీతలు వంకర పోకుండా ఉంచుతూ ఇంత వెడల్పుని చదునైన సెన్సర్ మీద పరిస్తే లెక్క ఇంతే, ఏ కంపెనీదైనా ఇంతే. మండపం మీద గ్రూప్ ఫొటోలో చివర నిలబడ్డ పిన్నిగారి ముఖానికి జరిగేది అదే. గ్రూపులు ఎక్కువగా తీసేవాళ్ళకి 24 మేలు. 20 ఉంటే వెనక్కి జరిగి, రెండు వైపులా మూరెడు ఖాళీ వదిలి తీసి, క్రాప్ చేసుకోవాలి.

రాత్రి ఆకాశానికి ఎఫ్ నంబర్ ఒక్కటే చూడకండి. 24ని 1.4తో భాగిస్తే 17 ఎంఎం, 20ని 1.8తో భాగిస్తే 11 ఎంఎం. వెలుతురు లోపలికొచ్చే తలుపు వెడల్పు అది. ఒక్కో నక్షత్రం నుంచి 24 దాదాపు 2.4 రెట్లు వెలుగు పడుతుంది. 20తో పాలపుంత ఎక్కువ మేర వస్తుంది, షట్టర్ కూడా కాస్త ఎక్కువసేపు తెరవచ్చు: 500 సూత్రం ప్రకారం (500ని లెన్స్ ఎంఎంతో భాగిస్తే వచ్చే సెకన్లు) 25 సెకన్లు, 24కైతే దాదాపు 21. పిక్సెళ్ళు ఎక్కువున్న బాడీల్లో అందులో సగంతో మొదలుపెట్టండి, లేకపోతే చుక్కలు గీతలవుతాయి. మూలల్లో నక్షత్రాలు రెక్కలు విప్పిన పిట్టల్లా కనిపిస్తే అది కోమా అనే లెన్స్ లోపం. ఫుల్ ఓపెన్, ఎఫ్ 2, ఎఫ్ 2.8 మూడూ తీసి ఎక్కడ తగ్గుతుందో రాసుకోండి.

మూలల్లో చీకటి గురించి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, ఎఫ్ 2.8కి చాలావరకు పోతుంది.

అద్దె పీస్ బాగుందని కొత్తదీ అలాగే ఉంటుందనుకోవద్దు. డబ్బా విప్పిన రోజే నాలుగు మూలల పరీక్ష మళ్ళీ పెట్టండి. అప్పటిదాకా బిల్లు, డబ్బా, లోపలి అట్టలు పారేయకండి.