చేపదెబ్బతో నవ్వించాలంటే: విశాఖ హార్బర్‌లో కామెడీ ఫైటు తీసే పద్ధతి

పోరాట సన్నివేశంలో నవ్వు ఎక్కడ పుడుతుందో తేల్చుకున్న తరువాతే కెమెరా అద్దెకు తీసుకోవాలి. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో ఒక చిన్న యాక్షన్ కామెడీ కోసం, కథానాయకుడు రౌడీని వంజరం చేపతో చెంప మీద కొట్టే ఘట్టం తీసినప్పుడు, ఈ సంగతి తెలియక మేము మొదటి రోజంతా పోగొట్టుకున్నాము. జెట్టీ మీద గంపలు పేర్చుకొని చూస్తున్న ఒక పెద్దావిడ, "కొట్టినోడు నవ్వీసుకుంటే మాకేటి నవ్వొస్తాది బాబూ? తిన్నోడి మొకం సూపించండి" అన్నారు. మా ఫైట్ మాస్టర్ రెండు గంటలుగా చెబుతున్నదీ అదే గానీ, ఆవిడ అన్నాకే మాకు తలకెక్కింది.

కాబట్టి షాట్లు విడగొట్టేటప్పుడు దెబ్బకు ఒకటి కేటాయిస్తే, దెబ్బ తిన్న ముఖానికి రెండు కేటాయించండి. దెబ్బకూ స్పందనకూ నడుమ ఎంత ఎడం ఉండాలో ఎడిటింగ్‌లోనే తేలుతుంది గనుక, నటుడి పని అయిపోయినట్టు కనిపించినా వెంటనే కట్ చెప్పకుండా మరి నాలుగైదు సెకన్లు కెమెరాను నడవనివ్వాలి. చూసినవారంతా నవ్విన చోటు, కట్ ఇంకా రాలేదేమని ఎదురుచూస్తూ రౌడీ పాత్రధారి తన చెంపకు అంటుకున్న ఐసుముక్కను తీసి తీరిగ్గా నోట్లో వేసుకున్న క్షణమే. అది స్క్రిప్టులో లేదు.

దెబ్బ మాత్రం నిజంగా తగలకూడదు. కెమెరాను దెబ్బ తినేవాడి భుజం వెనుక పెడితే, చేపకూ చెంపకూ నడుమ జానెడు ఖాళీ ఉన్నా తెర మీద కనపడదు. పక్కనుంచి తీస్తే బండారం బయటపడుతుంది. తల ఎప్పుడు తిప్పాలో నటులకు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా నేర్పి, ఆ తరువాతే వేగం పెంచాలి. అప్పటికీ చురుకుదనం చాలకపోతే సెకనుకు 24 ఫ్రేములకు బదులు 22 ఫ్రేములతో తీయవచ్చు, మామూలు వేగంతో చూపినప్పుడు కదలిక కాస్త చురుగ్గా కనిపిస్తుంది, అయితే ఆ షాటులో మాటలు ఉండకూడదు. పడిపోయే చోట ఖాళీ అట్టపెట్టెలు పేర్చి పైన పరుపు వేయండి. జెట్టీ నేల చేపల నీటితో జారుతుంది గనుక, రిహార్సల్‌కు ముందే కడిగించడం డూప్ ఉన్నా తప్పదు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులూ మర పడవలు వరుసగా కట్టి ఉంటాయి కాబట్టి షాటు షాటుకూ వెనుక దృశ్యం మారదన్న ఆశతో మేము మే నెల ఎంచుకున్నాము, తీరా చూస్తే చేప దొరకలేదు. ఫోముతో చేయించిన చేప కొట్టడానికి పనికొచ్చింది గానీ దగ్గరగా చూపితే దిండులా ఉంది. చివరికి మోటారు లేని తెప్పల మీద వేటకు వెళ్లేవారి దగ్గర ఒకే కొలతవి మూడు చేపలు కొని ఐసులో ఉంచాము. ఎండలో రెండు మూడు గంటలు గడిస్తే చేప కన్ను తెల్లబడి లోపలికి పోతుంది. కంటిన్యూటీ, అంటే షాటు షాటుకూ తేడా రాకుండా, చూసే అసిస్టెంటు చొక్కా గుండీలతో పాటు చేప కంటికీ ఫొటో తీసుకోవలసిందే.

మే నెలలో ఇక్కడ ఐదున్నర లోపే సూర్యోదయమవుతుంది. తొమ్మిది దాటాక ఎండ నెత్తి మీదికి వచ్చి కళ్ల కింద నీడలు పడతాయి గనుక ముఖాల షాట్లన్నీ అంతకు ముందే ముగించి, పరుగులూ తోపులాటలూ తరువాత పెట్టుకోవాలి. హార్బర్ అనుమతి, పోలీసుల అనుమతి వేర్వేరుగా తీసుకోవాలి. నౌకాదళ స్థావరం ఉన్న ఊరు గనుక, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేసే ఆలోచన మానుకోండి.

మిగిలింది చప్పుడు. నిజమైన చేపతో బల్ల మీద కొట్టి రికార్డు చేస్తే ఎవరో పుస్తకం జారవిడిచినట్టు వినిపించింది. తడి తువ్వాలును నాలుగు మడతలు పెట్టి, పాత ఆటో రెక్సిన్ సీటు మీద బలంగా కొట్టి చూడండి. మా సినిమాలో వంజరం దెబ్బగా వినిపించేది అదే.