గాజు సీసా కార్బన్ లెక్క వేయడం ఎలా?

సీసాకు ఎంత కార్బన్ డయాక్సైడ్ అని లెక్క మొదలుపెడితే 330 మి.లీ. సీసాను 750 మి.లీ. సీసాతో పోల్చలేం. తాగేవారి చేతికి చేరిన 1 లీటరు పానీయానికి ఎంత అని పెట్టుకోండి. ఖాళీ సీసాలు కనీసం 20 తూచి సగటు తీయండి. అచ్చు అచ్చుకీ బరువు కాస్త మారుతుంది కాబట్టి డ్రాయింగులో ఉన్న అంకెను నమ్ముకోవద్దు.

ఉదాహరణకు 750 మి.లీ. సీసా 500 గ్రాములు తూగిందనుకుందాం. లీటరుకు 667 గ్రాముల గాజు. కానీ కొలిమిలో కరిగిందంతా సీసాలుగా బయటికి రాదు. నూటికి 90 పాళ్లే మంచి సీసాలైతే, కరిగించాల్సింది 741 గ్రాములు. చాలా లెక్కల్లో ఈ భాగహారమే కనిపించదు.

కొలిమి నుంచి కార్బన్ డయాక్సైడ్ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఇంధనం. రెండోది ముడిసరుకు: కిలో సున్నపురాయి విడిపోతే 0.44 కిలో, కిలో సోడా యాష్ (సోడియం కార్బొనేట్) నుంచి 0.415 కిలో వాయువు వెలువడుతుంది. కొలిమిని పూర్తిగా కరెంటుకు మార్చినా ఈ రెండోది ఆగదు. దాన్ని తగ్గించే సులువైన దారి కల్లెట్, అంటే శుభ్రం చేసి ముక్కలు చేసిన పాత గాజు. ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) సూత్రం తేలికే: కిలో గాజుకు 0.2 కిలోను కల్లెట్ కాని వాటాతో గుణించాలి. కల్లెట్ 40 శాతమైతే 0.12. దాన్ని 0.741తో గుణిస్తే 89 గ్రాములు.

ఇక ఇంధనం. కొలిమి టన్ను గాజుకు 4 గిగాజౌళ్ల సహజ వాయువు కాలుస్తోందనుకుందాం. గిగాజౌలుకు 56.1 కిలోల చొప్పున కిలో గాజుకు 0.224 కిలో, మన 741 గ్రాములకు 166 గ్రాములు. రెండూ కలిపితే లీటరుకు 255 గ్రాములు. ఇక్కడో చిక్కుంది. 56.1 అనేది నికర ఉష్ణ విలువకు (పొగలోని నీటి ఆవిరితో పోయే వేడిని కలపనిది) చెందిన అంకె. గ్యాస్ బిల్లు స్థూల విలువలో (ఆ వేడినీ కలిపినది) ఉంటే, మార్చుకోకుండా గుణించినప్పుడు ఫలితం సుమారు 10 శాతం ఎక్కువ చూపిస్తుంది.

దీనికి సీసాలను ఊది మలిచే యంత్రాల కంప్రెస్డ్ ఎయిర్, ఫ్యాన్ల కరెంటు, దాదాపు 550 డిగ్రీల దగ్గర సీసాలను నెమ్మదిగా చల్లార్చే లెహర్ అనే పొడవాటి కొలిమి ఇంధనం, మూత, లేబులు, రవాణా కలపాలి. సోడా యాష్ ఎక్కడిదో అడగండి. గనిలో దొరికే ట్రోనా ఖనిజం నుంచి తీసినదానికన్నా, ఉప్పు, సున్నపురాయితో చేసే సాల్వే పద్ధతిలో తయారైనదానికి శక్తి ఎక్కువ పడుతుంది.

తగ్గించాలంటే ఏది ముందు? సీసాను 400 గ్రాములకు దించితే 255 కాస్తా 204 అవుతుంది. బరువు అలాగే ఉంచి కల్లెట్‌ను 40 నుంచి 70 శాతానికి పెంచినా దాదాపు అంతే: ప్రతి 10 శాతం కల్లెట్‌కు ఇంధనం సుమారు 2.5 శాతం తగ్గుతుంది కాబట్టి 198 దగ్గర ఆగుతుంది. మా ఓటు బరువు తగ్గించడానికే, ఎందుకంటే అది లారీలోనూ కలిసొస్తుంది. కల్లెట్ దొరకడమే కష్టం. అందులో పింగాణీ ముక్కో, వేడిని తట్టుకునే వంటపాత్రల గాజో కలిస్తే సరిగా కరగక సీసా గోడలో రాయిలా మిగిలి, అక్కడే పగులుతుంది. తెల్ల సీసాల బ్యాచ్‌లో ఆకుపచ్చ గాజు పోయడం అసలే కుదరదు.

కల్లెట్ శాతం చెప్పేటప్పుడు ఫ్యాక్టరీలోనే పగిలి తిరిగి కొలిమిలో పడ్డ గాజును రీసైకిల్డ్ వాటాగా చూపించకూడదు. ఐఎస్‌వో 14021 (పర్యావరణ ప్రకటనల అంతర్జాతీయ ప్రమాణం) దాన్ని ఒప్పుకోదు. అలాగే కల్లెట్ వాడినందుకు ఒకసారి, వాడేసిన సీసా మళ్లీ రీసైక్లింగ్‌కు పోతుందని ఇంకోసారి తగ్గింపు వేసుకోవడం రెండుసార్లు లెక్కించడమే. ఏదో ఒక పద్ధతి ఎంచుకుని చివరిదాకా అదే పాటించండి.

తిరిగి నింపే సీసాకు లెక్క వేరు. ట్రిప్పుల (ఒక సీసాను ఎన్నిసార్లు నింపుతారో) సంఖ్య = 1 ÷ (1 − తిరిగొచ్చే వాటా). తనిఖీలో తీసేసినవాటినీ పోయినవాటిలోనే కలపాలి. ఇలాంటి సీసా బరువుగా ఉంటుంది. 600 గ్రాములనుకుంటే పైన చెప్పిన కొలిమి లెక్కలో లీటరుకు 306 గ్రాములు వస్తుంది, దాన్ని ట్రిప్పులతో భాగించాలి. ఆపైన సీసాలు కడిగే కాస్టిక్ సోడా ద్రావణాన్ని 60–80 డిగ్రీలకు వేడిచేసే ఇంధనం, ఖాళీ సీసాలు తెచ్చే లారీ కలపాలి. లారీకి టన్ను-కిలోమీటర్ల (బరువు × దూరం) లెక్క వద్దు. ఖాళీ సీసాల క్రేట్లతో లారీ బరువు కన్నా ముందు చోటు నిండిపోతుంది. కాలిన డీజిల్ లీటర్లను 2.7 కిలోలతో గుణించి, ఆ సీసాల్లో పట్టే పానీయం లీటర్లతో భాగించండి.

తిరిగొచ్చే వాటాను ఒకే అంకెగా వేసుకోకుండా మూడు అంకెలతో వేసి చూడండి. 85 శాతానికి సీసా భారం లీటరుకు 46 గ్రాములు, 90కి 31, 95కి 15.